దోన్ రోసెందో బొటనవేలు

మా ఎడారి ఊరు ఎర్మొసీయోలో ఇంటింటికీ రెండు కుళాయిలు ఉంటాయి, ఒకటి వేన్నీళ్ళకి, ఒకటి చన్నీళ్ళకి. జులైలో ఆ రెండోది ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు. డాబా మీద తొట్టి పొద్దున తొమ్మిదికల్లా కాగిపోయి ఉంటుంది, ఏది తిప్పినా ఒళ్ళు కాలే నీళ్ళే. ఆ ఏడైతే మరీ ఘోరం. పంతొమ్మిది రోజులు వరసగా నలభై ఎనిమిది డిగ్రీలు. కుక్కలు కూడా మొరగడం మానేసి బండ్ల కింద పడుకున్నాయి. మనుషులు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోవడం మానేసి, కళ్ళతోనే "ఇంకా బతికే ఉన్నావా" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే దిగింది సిస్టర్ మెహీయా, పెట్టెలో రెండు స్వెటర్లతో సహా.

ఇరవయ్యేళ్ళ పిల్ల. సొంతూరు త్లాహియాకో, దక్షిణాన ఎక్కడో కొండల మీద. అక్కడ జులైలో కూడా సాయంత్రమైతే శాలువా కప్పుకుంటారట. వాళ్ళ చర్చిలో అమ్మాయిలు పద్దెనిమిది నెలలు సువార్త పనికి వెళ్ళొస్తారు. ఎక్కడికన్నది వాళ్ళ చేతుల్లో ఉండదు, ఉత్తరం వస్తుంది, వెళ్ళాలి. ఆ పిల్ల ఉత్తరం విప్పుతుంటే వాళ్ళమ్మ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని సముద్రాలు దాటిపోతుందేమోనని ఏడవడానికి సిద్ధంగా ఉందట. ఎర్మొసీయో అని చదవగానే, "హమ్మయ్య, మన దేశమే" అని దేవుడికి దణ్ణం పెట్టుకుందట. పాపం, ఆ మహాతల్లి ఎర్మొసీయోని ఎప్పుడూ చూళ్ళేదు.

మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరే ఉండాలి. ఒకళ్ళ కంటికి ఒకళ్ళు కనపడకుండా పోకూడదు. మెహీయాకి జత కుదిరిన పిల్ల సిస్టర్ కిస్పె. ఆ పిల్లది పెరూ దేశంలో ఇంకా చలి ఊరు. "రెండు కొండమేకల్ని తోలుకొచ్చి పెనం మీద వదిలారు కదమ్మా" అని పక్కింటి ముసలామె నవ్వింది. కిస్పెకి కోపం వచ్చింది గానీ, మెహీయా మాత్రం "మేకలకి కొమ్ములైనా ఉంటాయి, మాకు గొడుగులే" అంది.

పొద్దున ఆరున్నరకి లేవాలి. లేవడమేముంది, పడుకుంటే కదా. దుప్పటి తడిపి నేలమీద పరుచుకుని, అది ఆరిపోగానే లేచి మళ్ళీ తడుపుకుని, అలా తెల్లారేది. తర్వాత ప్రార్థన, చదువు, ముందురోజు రాత్రే బకెట్లో పట్టిపెట్టుకున్న నీళ్ళతో స్నానం. పదింటికి పొడుగు లంగాలు, నల్ల పేరుపట్టీలు, మెడ చుట్టూ తడి తువ్వాళ్ళతో వీధిలో పడేవాళ్ళు. ఇనప గేట్లని చేత్తో తట్టడానికి లేదు, అట్టు మాడినట్టు మాడుతుంది చెయ్యి. అందుకని ఇద్దరూ చెరో పెసో బిళ్ళ పట్టుకుని దాంతో టకటకమని కొట్టేవాళ్ళు. లోపల కూలర్ హోరు. ఆ హోరులో ఈ టకటక ఎవడికి వినపడుతుంది? వినపడినా ఎవడు లేస్తాడు? లేచినవాడు "దేవుణ్ణి డిసెంబర్లో పంపించండి, అప్పుడు మాట్లాడదాం" అని తలుపేసుకునేవాడు. ఒకటి నుంచి అయిదు దాకా ఎవరూ బయట తిరగొద్దని పైనుంచి ఉత్తర్వు. అయిదు దాటాక మళ్ళీ అదే టకటక, అవే తలుపులు.

ఇక మధ్యాహ్నం భోజనం. సంఘంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో మిషనరీలకి అన్నం పెడతారు. పెట్టింది వదిలేస్తే ఆ ఇల్లాలు నెలరోజులు మొహం చాటేస్తుంది. ఒక గురువారం కిస్పె పుస్తకంలో పొరపాటున రెండిళ్ళు రాసుకుంది. రెండిళ్ళలోనూ చీజు పులుసే. ఇంత ఎండలో పొగలు కక్కే పులుసు ఏమిటని అడక్కండి, మావాళ్ళంతే. మొదటింట్లో మెహీయా రెండు గిన్నెలు తాగింది, ఆ ఇల్లాలి బలవంతం అలాంటిది. రెండో ఇల్లు దోన్యా ఆర్తెమీసాది; పెద్దవాళ్ళని మేం దోన్, దోన్యా అని పిలుస్తాం.

ఆర్తెమీసాకి అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళ కిందట ఆ చర్చిలో చేరింది. ఒక్కతే చేరింది. మొగుడు దోన్ రోసెందో ఇంటి ముందరే టైర్ల షాపు నడుపుతాడు, పంక్చర్లు వేస్తాడు. గాదెలాంటి మనిషి, ఎప్పుడో జాకీ జారి లారీ మీద పడితే ఎడం మోకాల్లో ఇనపకడ్డీ వేశారు. అప్పట్నుంచీ ఆ కాలు వంగదు. ముప్పై ఏళ్ళుగా తన బల్ల దగ్గర మిషనరీలకి అన్నం పెట్టించాడు, ముప్పై ఏళ్ళుగా వాళ్ళని ఆటపట్టించి సాగనంపాడు. "నా దేవుడికీ నాకూ మధ్య ఏ గొడవా లేదు నాయనా, మధ్యవర్తులెందుకు?" అనేవాడు. చర్చిలో చేరితే కాఫీ మానెయ్యాలి. ఆ మాట వినగానే కప్పు గుండెకి హత్తుకుని చూపించేవాడు.

ఆ గురువారం ఈ మూడో గిన్నె పులుసు ముందు కూర్చునేసరికి మెహీయా మొహం పచ్చబడిపోయింది. దోన్ రోసెందో మీసం దువ్వుకుంటూ అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎలా ఉంది సిస్టర్ మా ఎండ?"

దానికి మిషనరీలందరిదీ ఒకటే జవాబు. నవ్వి, "ఎండా దేవుడి దీవెనే" అంటారు. కిస్పె అప్పుడే నవ్వడం మొదలెట్టింది కూడా.

"చచ్చిపోతున్నాను దోన్ రోసెందో" అంది మెహీయా. "నిన్న బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్ళిపోవాలనుంది. పైగా ఇది ఈ పూటకి నా రెండో భోజనం, ఇదీ పులుసే."

కిస్పె బల్లకింద కాలు తొక్కింది. దోన్ రోసెందో నవ్వాడు చూడండి, ఆ నవ్వుకి బయట షాపులో పనివాడు పరిగెత్తుకొచ్చాడు. "ఆర్తెమీసా! ఆ గిన్నె తియ్యి. ఈ పిల్లకి బార్లీ నీళ్ళు పట్రా, ఐసు దండిగా వెయ్యి" అని కేకేశాడు. "ముప్పై ఏళ్ళకి ఒక్కళ్ళు నిజం చెప్పారు నా బల్ల దగ్గర."

ఆ రోజు నుంచి ఆయన బల్ల దగ్గర్నించి లేచి షాపులోకి వెళ్ళిపోవడం మానేశాడు. కూర్చుని వినేవాడు. ఊరికే వినడం కాదు, అడ్డమైన ప్రశ్నలన్నీ వేసేవాడు. మెహీయా తెలిస్తే చెప్పేది, తెలియకపోతే "అది నాకు తెలీదండీ" అనేది. తెలీదంటే ఆయనకి ఇంకా ఉషారు. మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఆర్తెమీసా లేచి చూస్తే కాఫీ గిన్నె కడిగి బోర్లించి ఉంది. మొగుడు తలకి గుడ్డ కట్టుకుని, లోకం మీద కత్తి కట్టినవాడిలా కూర్చున్నాడు. నాలుగు రోజులు ఆ తలనొప్పికి పనివాడు బలైపోయాడు. అయిదో రోజు ఆయన ఖరారు చేశాడు.

"ఈ శనివారం బాప్తిస్మం పుచ్చుకుంటాను. ఈ శనివారమే. కుదిరిందా సరే. కుదర్లేదా, ఆ పైవాడికే నేను అక్కర్లేదన్నమాట. ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుంటాను, మళ్ళీ ఈ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తకూడదు. ఇంకోమాట. సాక్షిగా ఈ కొండపిల్ల నిలబడాలి."

ఆర్తెమీసాకి సంతోషంతో కాళ్ళు ఆడలేదు, భయంతో చేతులు ఆడలేదు. మొగుడి మాట ఆవిడకి తెలుసు. బావమరిదితో మాట్లాడనని ఒకసారి అన్నాడు, పదకొండేళ్ళు మాట్లాడలేదు. మెహీయాని వంటింట్లోకి లాక్కెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, ముప్పై ఏళ్ళు ఒక్కదాన్నే వెళ్ళాను. పక్క కుర్చీలో నా సంచీ పెట్టుకుంటాను, ఖాళీ కనపడకుండా. ఈ శనివారం ఏదీ అడ్డం రాకుండా చూడు. నీకు పుణ్యముంటుంది."

"ఏం అడ్డం వస్తుందండీ" అంది మెహీయా. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత వందసార్లు అనుకుంది.

వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. బాప్తిస్మమంటే నెత్తిన నీళ్ళు చిలకరించడం కాదు, మనిషి మొత్తం మునగాలి. తొట్టికి రెండు పక్కలా ఇద్దరు సాక్షులు కళ్ళు విప్పుకుని చూస్తుంటారు. ఒక్క వేలు పైన తేలినా, చొక్కా కొస తేలినా చెల్లదు, మళ్ళీ ముంచాలి. సాక్షులిద్దరూ సరేనంటేనే సరి.

శనివారం వచ్చింది, చాలినన్ని నీళ్ళు మాత్రం రాలేదు. ఎండలకి డ్యాం అడుగంటిందని ఊళ్ళో రోజుకి మూడు గంటలే వదులుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి బిషప్ లూగో చర్చిలో బాప్తిస్మపు తొట్టి కుళాయి తిప్పాడు. వాళ్ళ బిషప్‌లు జీతం లేని బిషప్‌లు. ఈయన వారమంతా సిటీ బస్సు తోల్తాడు. ఏడింటికి కుళాయి సొయ్‌మని ఊరుకుంది. చూస్తే తొట్టిలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి, అంతే. పైగా రాత్రంతా చల్లారని గొట్టాల్లోంచి వచ్చాయేమో, అవి చెయ్యి పెట్టలేనంత వేడి.

"బాప్తిస్మమిస్తారా, ఉడకేస్తారా?" అన్నాడు దోన్ రోసెందో తొట్టిలోకి తొంగిచూసి. "ఉల్లిపాయలు కూడా తెచ్చారా?"

ఎల్డర్ థాచర్ ఐసు కోసం పరిగెత్తాడు. మగ మిషనరీలని వాళ్ళు ఎల్డర్ అంటారు, ఆ కుర్రాడే బాప్తిస్మమివ్వాలి. ఉత్తరాన సరిహద్దు అవతలనుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళవాడు, ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఎర్రగా ఉంటాడు, కర్రపుల్లంత ఉంటాడు. వాడి జతగాడూ వాడూ కలిసి పన్నెండు బస్తాల ఐసు మోసుకొచ్చి తొట్టిలో కుమ్మరించారు. నీళ్ళు చల్లబడ్డాయి, బెత్తెడు పెరిగాయి కూడా. పదింటికి జనం వచ్చేశారు. ఇరవైమంది అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నారు. ఆర్తెమీసా ముందు వరసలో నీలంరంగు పట్టు గౌనులో ఉంది, మొహం కళకళలాడుతోంది. తొట్టికి ఈ పక్కన మెహీయా, ఆ పక్కన బిషప్.

థాచర్, దోన్ రోసెందో తెల్లబట్టల్లో దిగారు. పక్కపక్కన నిలబడితే స్తంభం పక్కన చీపురు పెట్టినట్టుంది. థాచర్ చెయ్యెత్తి, పేరు మొత్తం పలికి, మంత్రంలా మాటలన్నీ అప్పజెప్పి, ఆయన్ని వెనక్కి వాల్చాడు. తల మునిగింది. ఎడం మోకాలు మాత్రం మొసలి వీపులాగా పైకి లేచింది.

మెహీయా తల అడ్డంగా ఊపింది. బిషప్ కూడా ఊపాడు.

"దయచేసి మోకాలు వంచగలరా?" అన్నాడు థాచర్, పుస్తకంలో నేర్చుకున్న భాషలో.

"అది వంగితే నీ దగ్గరెందుకుంటా నాయనా, పెళ్ళిళ్ళలో డాన్సులు వేసుకునేవాణ్ణి" అన్నాడు దోన్ రోసెందో నీళ్ళు కక్కుతూ. "నా షాపులో ట్యూబు ఇలా ముంచితే పంక్చరు దొరికినట్టే!"

జనం పగలబడి నవ్వారు. రెండోసారి థాచర్ మోకాలి సంగతి చూద్దామని ఇంకా గట్టిగా అదిమాడు. మోకాలు మునిగింది, పొట్ట తేలింది. కుర్రాడి కాలు జారి వాడు కూడా మునిగాడు. వాడు పూర్తిగా మునిగాడని మాత్రం సాక్షులిద్దరూ ఒప్పుకున్నారు.

ఈసారి నవ్వులు తగ్గాయి. దోన్ రోసెందో తొట్టి మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని రొప్పుతున్నాడు. మోకాలు లాగుతోందని మొహంలో తెలుస్తోంది. ఆర్తెమీసా అట్టముక్క విసరడం ఆపేసింది. "ఇదే ఆఖరు" అని ఆయన గొణిగాడు, ఆ గొణుగుడు ఆమెకి వినపడింది.

మూడోసారి థాచర్ పళ్ళు బిగించి, చెయ్యెత్తి, మాటలు పలికి, బలమంతా పెట్టి వాల్చాడు. తల, భుజాలు, పొట్ట, మోకాలు అన్నీ లోపలికి వెళ్ళాయి. సరిగ్గా అప్పుడు తొట్టి చివర, కరుగుతున్న ఐసుముక్క పక్కన, ఒక లావాటి బొటనవేలు పైకొచ్చి, చుట్టూ చూసి, లోపలికి పోయింది.

దోన్ రోసెందో లేచాడు. జనం లేచారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. బిషప్ లూగో కళ్ళద్దాలు ఆవిరితో మసకబారి ఉన్నాయి. ఆయన తలూపాడు, సరే అని. ఆర్తెమీసా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, మురిసిపోతూ ఏడుస్తోంది. బిషప్ అద్దాలు తుడుచుకుంటూ మెహీయా వైపు చూశాడు. ఇక ఆ పిల్ల తలూపితే అయిపోయినట్టే.

మెహీయా మనసులో లెక్కేసుకుంది. ఒక్క వేలు. ఎంతసేపు? రెప్పపాటు. తను తప్ప ఎవరూ చూళ్ళేదు. చెప్తే ఆ మనిషి మెట్లెక్కి వెళ్ళిపోతాడు, ఇదే ఆఖరన్నాడు కదా. ఆర్తెమీసా ముప్పై ఏళ్ళ ఆశ తన నోటిమాటతో నీళ్ళపాలవుతుంది. ఊరుకుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. దేవుడు మాత్రం ఒక్క వేలి కోసం పేచీ పెడతాడా? తలూపేద్దామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. మెడ కదల్లేదు.

"బొటనవేలు పైకొచ్చిందండీ" అంది.

పాట మధ్యలో తెగిపోయింది. కిస్పె కళ్ళు మూసుకుంది. ఆర్తెమీసా లేచి నిలబడింది.

"ఏమిటే నువ్వనేది?" అంది. "వేలా? ఒక్క వేలికి ఇంత రాద్ధాంతమా? నా అన్నం తిన్నావు కదే! ఆయన కాలు చూడు, ఆయన అవస్థ చూడు. నీకు దయ లేదూ?"

మెహీయాకి ఏడుపు తన్నుకొచ్చింది. "నేను చూశానండీ" అంది.

దోన్ రోసెందో మొహం తుడుచుకుని ఆ పిల్లని తేరిపార చూశాడు.

"ఏ కాలు?"

"ఎడంకాలు."

"అవును" అన్నాడాయన. "నాకు గాలి తగిలింది."

అందరూ ఆయన కాళ్ళవైపు చూశారు.

"గాలి తగిలింది నా వేలికి. మునగలేదని నాకు తెలుసు. మీరంతా పాట ఎత్తుకున్నారు. చూద్దాం, ఎవరైనా చెప్తారా, లేక ముసలాడు పోన్లే అని సర్దేస్తారా అనుకున్నా. సర్దేసి ఉంటే అవతలి మెట్లెక్కి ఇంటికి పోయేవాణ్ణి ఆర్తెమీసా, ఒట్టు. అబద్ధంగా మునగడానికి ముప్పై ఏళ్ళు ఆగానా నేను?" అని థాచర్ వైపు తిరిగాడు. "ఏం నాయనా, ఓపిక ఉందా ఇంకోసారికి?"

థాచర్ వణుకుతూనే తలూపాడు. ఆ మండుటెండల్లో ఊరంతటికీ చలేస్తున్నది వాడొక్కడికే.

ఆర్తెమీసా ఇంకా నిలబడే ఉంది. మొగుణ్ణి చూసింది, మెహీయాని చూసింది. ఏమనుకుందో ఏమో, చెప్పులు విప్పేసింది. పట్టు గౌనుతో, మెడలో ముత్యాలదండతో, మెట్లు దిగి నీళ్ళలోకి వచ్చేసింది. "అమ్మా, మీరు..." అని బిషప్ ఏదో అనబోయాడు. "పట్టుకోకూడదని రాసుందా ఎక్కడైనా?" అంది. ఆయన ఆలోచించాడు. "లేదనుకుంటానమ్మా" అన్నాడు. ఆవిడ తొట్టి చివరికెళ్ళి, నడుం వంచి, మొగుడి ఎడం పాదాన్ని రెండు చేతుల్తో ఒడిసి పట్టుకుని, "ఇప్పుడు కానివ్వు బాబూ" అంది.

థాచర్ చెయ్యెత్తాడు. మాటలు పలికాడు. దోన్ రోసెందో వెనక్కి వాలాడు. ఆర్తెమీసా ఆ పాదాన్ని నీళ్ళ అడుక్కి నొక్కుతూ గడ్డం దాకా తనూ మునిగిపోయింది. మెహీయా కళ్ళనీళ్ళు గబగబా తుడుచుకుని, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసింది. తల లేదు, పొట్ట లేదు, మోకాలు లేదు. వేళ్ళు అసలే లేవు. పైన ఐసు నీళ్ళు, అడుగున తెల్లబట్టలు.

ఆయన లేచాడు. ఇరవైమందీ బిషప్‌ని చూళ్ళేదు, మెహీయానే చూశారు.

"మునిగారండీ" అంది ఆ పిల్ల. "అంతా మునిగారు."

ఈసారి పాట చెవులు గింగుర్లెత్తేలా లేచింది. థాచర్ తొట్టి అంచు మీద కూలబడ్డాడు. కిస్పె వచ్చి మెహీయాని కావలించుకుంది. దోన్ రోసెందో మెట్లెక్కుదామని అడుగు వెయ్యబోయి ఆగిపోయాడు.

"ఇక వదలవే" అన్నాడు కిందికి చూసి.

ఆర్తెమీసా నీళ్ళలో అలాగే వంగి ఉంది, ముత్యాలదండ తేలుతోంది, పాదం రెండు చేతుల్లో ఉంది.

"ముప్పై ఏళ్ళకి దొరికావు, ఉండు కాసేపు" అంది.